పక్కింటి కేక

మా వీధిలో క్రికెట్టు ఇప్పుడు రెండు కాలాల్లో జరుగుతోంది. పక్కింటివారి వర్తమానం మాకు భవిష్యత్తు. వాళ్ళింట్లో కేబులు టీవీ ఉంది. మా ఇంట్లో మ్యాచి ఇంటర్నెట్టు మీద వస్తుంది. గోడ అవతల నుంచి "అబ్బా!" అని నిట్టూర్పు వినిపించే వేళకు, మా తెర మీద బౌలరు ఇంకా బంతిని పంట్లాముకేసి రుద్దుకుంటూ ఉంటాడు. బ్యాటు పట్టుకున్నవాడు, పాపం, ధీమాగా నుంచుని ఉంటాడు. వాడికి మూడినట్టు వాడికి తెలియదు, మాకు తెలుసు. జాతకం చూసేసినవాడి ఎదుట పెళ్ళికొడుకు కూర్చున్నట్టుంటుంది వ్యవహారం.

తేడా ఎంతో లేదు, పాతిక ముప్ఫై సెకండ్లు. కాని ఆటలో అది చాలా పెద్ద కాలం. అరనిమిషంలో వికెట్టు పడిపోవచ్చు, కప్పు చేతులు మారిపోవచ్చు.

మాకూ ఒకప్పుడు కేబులే ఉండేది. మా కేబులబ్బాయికి ఇప్పుడు యాభై ఏళ్ళు దగ్గిరపడుతున్నాయి, చెవుల పక్క జుట్టు నెరిసింది, కూతురికి పెళ్ళి చేశాడు. అయినా మా కాకినాడ వీధికి అతను అబ్బాయే. నేను చదువుకునే రోజుల్లో సైకిలు మీద, భుజాన నల్ల తీగె చుట్ట వేసుకుని వచ్చేవాడు. ఆ తీగె మేడ మీంచి కొబ్బరిచెట్టుకూ, చెట్టు మీంచి స్తంభానికీ, అక్కణ్ణించి మా కిటికీ చువ్వల్లోకీ వచ్చేది. 1998 ఏప్రిల్ 22న షార్జాలో ఇసుక తుపాను వచ్చి ఆట ఆగి, మళ్ళీ మొదలై, టెండూల్కరు 143 కొట్టిన రాత్రి మా హాలులో నాలుగిళ్ళవాళ్ళు ఉన్నారు. ఆ రోజు మనం ఓడిపోయాం. ఓడిపోయి కూడా ఫైనలుకు వెళ్ళాం. 24న మళ్ళీ ఆయనే నూరు దాటి, కప్పు మనకొచ్చింది. ఆ రెండు రాత్రులూ మా అమ్మ ఎన్నిసార్లు కాఫీ కలిపిందో ఆవిడకే తెలియాలి.

మ్యాచి మధ్యలో బొమ్మ పోతే నాన్నగారు వసారాలోకి వచ్చి ఫోను చేసేవారు. "ఏమోయ్, ఇక్కడ చుక్కలు కనపడుతున్నాయి" అనేవారు. అతను "వస్తున్నా బాబుగారూ" అనేవాడు, వచ్చేవాడు కూడాను. నెల మొదటివారంలో రసీదు పుస్తకంతో వచ్చి అరుగు మీద కూర్చుని, ఫలానా బౌలరును ఎందుకు తీసుకోలేదని నాన్నగారితో పావుగంట వాదించి మరీ డబ్బు పట్టుకెళ్ళేవాడు. నాన్నగారికి ఆటల ఛానెళ్ళ నంబర్లన్నీ నోటికి వచ్చు. రిమోట్టు మీద మూడు అంకెలు నొక్కి, పడక కుర్చీలో వెనక్కి వాలడమే ఆయన చెయ్యవలసిన పని. ఆయన తపాలాశాఖలో చేసి రిటైరయ్యారు. అంకెలంటే ఆయనకు ప్రాణం.

2019 ఫిబ్రవరిలో ట్రాయ్‌వారి కొత్త పద్ధతి అమలయింది. నూరు ఛానెళ్ళకు 130 రూపాయలు, దానిమీద జీయస్టీ, వెరసి 153 రూపాయల 40 పైసలు. ఆ పైన కావలసిన ఛానెళ్ళకు దేని వెల దానిదే. ముఖ్యమైన ఆటల ఛానెళ్ళు ఒక్కొక్కటి 19 రూపాయలు, పన్ను అదనం. నాన్నగారు పెన్సిలు పుచ్చుకుని పచారీ చీటీ రాసినట్టు రాశారు. సినిమాలు కొట్టేశారు, పాటలు కొట్టేశారు, ఆటల ఛానెళ్ళు నాలుగూ ఉంచారు. మా ఆవిడ సీరియళ్ళ ఛానెలు మీదికి పెన్సిలు వెళ్ళినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి, ఆవిడ వంక చూసి, దాన్నీ ఉంచారు.

మరుసటేడు కరోనా వచ్చింది. ఇంట్లో కూర్చుని పాఠాలు చెప్పవలసి రావడంతో ఇంటర్నెట్టు పెట్టించాను. వచ్చి పెట్టినవాడు ఎవరనుకున్నారు? మా కేబులబ్బాయే. అదే స్తంభం, అదే కిటికీ, తీగె మాత్రం సన్నబడింది. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయల పథకంతో మొదలైనప్పుడు కూడా దాన్ని ఇళ్ళకు చేర్చినది కేబులు ఆపరేటర్లే. టీవీ బేరం తగ్గుతుందని వాళ్ళకు మనకంటె ముందే తెలుసు కాబోలు.

పెద్ద వర్తకులకు ఇంకా ముందే తెలుసు. 2022 జూన్‌లో ఐపీఎల్ ప్రసారపు హక్కులు అయిదేళ్ళకు వేలం వేశారు. టీవీకి వేరుగా, ఇంటర్నెట్టుకు వేరుగా పాడించారు. మన దేశంలో టీవీ హక్కులు 23,575 కోట్లకు పోయాయి. ఇంటర్నెట్టువి రెండు భాగాలూ కలిపి 23,758 కోట్లు. తీగెను చేతిఫోను దాటేసిందన్నమాట. ఆ మరుసటేడు, 2023లో, జియోసినిమా ఐపీఎల్ అంతా ఉచితంగా చూపించింది, అదీ తెలుగుతో సహా పన్నెండు భాషల్లో. ఆ సంవత్సరమే నవంబరు 19న ప్రపంచకప్పు ఫైనలును హాట్‌స్టార్‌లో ఏకకాలంలో 5 కోట్ల 90 లక్షల మంది చూశారు. మనం ఓడిపోతుండగా అంతమంది చూడడం ఒక విశేషం.

ఉచితమైనదానికి నెలనెలా కట్టడం ఏమిటని మా ఆవిడ లెక్క తీసింది. "నెట్టుకు ఎల్లానూ కడుతున్నాం. మళ్ళీ ఈ తీగె ఎందుకండీ, మావయ్యగారికి కూడా ఇందులోనే పెట్టిపెడదాం" అంది. ఆ లెక్కలో తప్పేమీ లేదు. నాన్నగారు "మీ ఇష్టం" అన్నారు. తెలుగిళ్ళల్లో పెద్దవాళ్ళు "మీ ఇష్టం" అంటే దానికి నిఘంటువులో అర్థం వెతక్కూడదు. ఆ మే నెలలో కేబులబ్బాయి వచ్చి పెట్టె విప్పి పట్టుకుపోయాడు.

కొత్త ఏర్పాటులో సుఖం లేదనను. కాలేజీ స్టాఫురూములో, రైల్లో, పెళ్ళిపందిట్లో, ఎక్కడ కూర్చుంటే అక్కడే మ్యాచి. కరెంటు పోయినా పోదు. జారిపోయిన ఓవరును వెనక్కి తిప్పి చూడవచ్చు. మా అమ్మాయి ఒక భాషలో వింటుంది, వాళ్ళన్నయ్య హైదరాబాదు హాస్టల్లో ఇంకొక భాషలో వింటాడు. తెలుగు వ్యాఖ్యానం గురించి తెలుగు చెప్పుకునేవాడిగా ఒక్కమాట: ప్రతి సిక్సరుకూ సినిమా డైలాగు చెప్పాలని వాళ్ళకు ఎవరు ఆజ్ఞాపించారో గాని, అది మానేసి బంతి ఎటు పోయిందో చెప్పిన రోజున మన భాష ఆటకు భేషుగ్గా సరిపోతుంది.

చిక్కల్లా ఇవాళ మ్యాచి ఎక్కడ వస్తుందన్నది. 2022 నవంబరులో మనవాళ్ళు న్యూజిలాండు వెళితే ఆ ఆటలు ప్రైమ్ వీడియోలో వచ్చాయి. 2025లో ఇంగ్లండులో టెస్టులు టీవీలో చూసేవారికి సోనీలో, ఫోనులో చూసేవారికి జియోహాట్‌స్టార్‌లో వచ్చాయి. ఆ సెప్టెంబరులో ఆసియా కప్పు సోనీ లివ్‌లో. 2025 ఫిబ్రవరిలో జియోసినిమా, హాట్‌స్టార్ కలిసిపోయాక ఐపీఎల్ ఉచితం ముచ్చటా తీరిపోయి, చందా వచ్చింది. పూర్వం ఛానెలు నంబరు తెలిస్తే చాలేది. ఇప్పుడు హక్కుల పంపకాలు కూడా తెలుసుకుని ఉండాలి, దాయాదుల ఆస్తి తగాదాలో సాక్షిలాగ.

ఇహ ఆ అరనిమిషం సంగతి. కేబులైనా ఆట ఆ క్షణానికే రాదు. మైదానం నుంచి బొమ్మ 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి వెళ్ళి దిగాలి, మళ్ళీ ఎక్కి దిగాలి. అయితే అది కాంతివేగంతో పోతుంది గనుక ఆ ప్రయాణానికి పట్టేది అతి స్వల్పం. బొమ్మను కుదించి విప్పడానికి మరికొన్ని సెకండ్లు. ఇంటర్నెట్టు పద్ధతి వేరు. వాళ్ళు ఆటను కొద్ది సెకండ్ల ముక్కలుగా కోస్తారు. ప్రతి ముక్కనూ పెద్ద తెరకు ఒకటి, చిన్న ఫోనుకు ఒకటి, నెట్టు నీరసంగా ఉన్నవాడికి ఒకటి చొప్పున నాలుగైదు సైజుల్లో తయారుచేస్తారు. వాటిని ఊరూరా ఉన్న గిడ్డంగి కంప్యూటర్లకు పంపుతారు. మన పెట్టె ఆ ముక్కల్ని తెచ్చుకుని వెంటనే చూపించదు. కొన్ని దగ్గిర పెట్టుకుని అప్పుడు మొదలుపెడుతుంది. మునిసిపాలిటీ కుళాయి ఎప్పుడు ఆగుతుందో నమ్మకం లేక మనం గంగాళం నింపుకుని, అందులోంచి ముంచుకుంటాం చూడండి, అల్లాంటిదే. ధార తెగదు, కాని మనం తాగే నీళ్ళు ఇందాక పట్టినవి. మ్యాచీ అంతే.

ఇది నాకు కులాసా విషయమే. నాన్నగారికి కాదు.

2025 మార్చి 9, ఆదివారం. దుబాయిలో చాంపియన్స్ ట్రోఫీ ఫైనలు, మనకూ న్యూజిలాండుకూ. మేం ముగ్గురం మా బావమరిది గృహప్రవేశానికి రామచంద్రపురం వెళ్ళాం. మా అమ్మ పోయి నాలుగేళ్ళయింది. నాన్నగారు ఒక్కరే ఉన్నారు ఇంట్లో. మధ్యాహ్నం రెండున్నరకు మ్యాచి. ఆయన టీవీ పెట్టారు. చందా గడువు తీరలేదు గాని, ఎందుచేతనో అది ఖాతాలోంచి బయటికి వచ్చేసి ఉంది. నంబరు కొట్టమంది. నంబరు మా అబ్బాయిది. వాడి ఫోనుకు ఓటీపీ వెళుతుంది. వాడు హైదరాబాదులో, ఫోను ఎత్తడం లేదు. నాకు చేశారుట, పందిట్లో సన్నాయి చప్పుడుకు నాకు వినపడలేదు. రెండోసారి చెయ్యలేదు. అది ఆయన స్వభావం. ఎవర్నీ రెండోసారి అడగరు.

రాత్రి పదకొండుకు మేము వచ్చేసరికి మడతకుర్చీ ప్రహరీగోడ దగ్గిర ఉంది. దాని పక్క మంచినీళ్ళ చెంబు. నాన్నగారు లోపల పడుకుని ఉన్నారు, నిద్రపోలేదు.

"గెలిచామురా. నాలుగు వికెట్ల తేడా" అన్నారు.

"మీరు చూశారా?"

"విన్నాను. రోహిత్ శర్మ డెబ్భై దాటాక ఔటయ్యాడు. అప్పుడు పక్కింటివాళ్ళు చాలాసేపు మాట్లాడలేదు" అన్నారు.

గోడ ఇవతల కూర్చుని, పక్కింటి కేకల్ని బట్టి ఆయన ఆట మొత్తం కట్టుకున్నారన్నమాట. పొట్టి కేక అయితే ఫోరు. కేకలో పిల్లల గొంతులు కలిసి సాగితే సిక్సరు. ముందు నిశ్శబ్దం, తరవాత కుర్చీ జరిపిన చప్పుడు అయితే మనవాడు ఔటు. మధ్య మధ్య వ్యాఖ్యాత గొంతు కొంత. "లోపలికి వెళ్ళి కూర్చోలేకపోయారా, మీరంటే వాళ్ళకెంత గౌరవం!" అంది మా ఆవిడ. "వాళ్ళ అల్లుడొచ్చాడమ్మా. హాలు నిండా మనుషులున్నారు" అన్నారాయన. అరవయ్యేళ్ళుగా ఆట వెంట పడుతున్న మనిషి. కుర్రతనంలో రేడియో చెవికి ఆనించుకుని ఇంగ్లీషు వ్యాఖ్యానం విని ఇంగ్లీషు నేర్చుకున్నానని చెప్పే మనిషి. 1993 నవంబరులో హీరో కప్పు సెమీఫైనల్లో టెండూల్కరు వేసిన చివరి ఓవరు బంతి బంతీ ఇప్పటికీ చెప్పగల మనిషి. సొంత ఇంట్లో, డబ్బు కట్టిన మ్యాచి, చూడడానికి ఎవరి అనుమతో కావలసివచ్చింది.

తరవాత మా అమ్మాయి ఒక అట్టముక్క మీద వరసగా రాసి టీవీ కింద పెట్టింది: మొదట ఇది నొక్కాలి, తరవాత ఇది, ఇల్లా ఏడు మెట్లు. నాన్నగారు దాన్ని శ్రద్ధగా బట్టీపట్టారు. మూడు వారాలకు ఆ యాపు ముఖం మార్చేశారు. నాలుగో మెట్టు దగ్గిర ఉండవలసిన బొమ్మ ఎక్కడా లేదు. పైగా ఆ చందాకు ఒకేసారి రెండు తెరలే. అబ్బాయి హాస్టల్లో తెరిచి, నేను కాలేజీలో తెరిస్తే, ఇంట్లో ఆయన తెర మీద 'వేరేవారు చూస్తున్నారు' అన్న ముక్క పడేది. వేరేవారంటే ఆయన కొడుకూ మనవడూనూ. ఇంకొక పెద్ద చందా కడదామన్నాను. "నాకోసం కట్టకు" అన్నారు.

2025 నవంబరు 2న ఆడవాళ్ళ ప్రపంచకప్పు ఫైనలు వచ్చింది. ఆ రోజు మా అమ్మాయి హడావుడి చెప్పనలవి కాదు. మన కడప జిల్లా పిల్ల శ్రీచరణి జట్టులో ఉంది గదా. వాన వల్ల నవీ ముంబాయిలో ఆట రెండు గంటలు ఆలస్యంగా మొదలయింది. మనవాళ్ళు 298 చేశారు. దక్షిణాఫ్రికా కెప్టెను వోల్వార్ట్ నూరు దాటి కదలకుండా నుంచుంది. ఆవిడ ఉన్నంతసేపూ గుండెలు చేత్తో పట్టుకునే కూర్చోవాలి. నలుగురం ఒక్క హాల్లోనే ఉన్నాం.

అప్పుడు పక్కింట్లోంచి "హా" అని లేచింది. వెంటనే "అయ్యయ్యో" అయింది. మళ్ళీ అంతలోకే ఇల్లెగిరిపోయేటంత కేక. మా తెర మీద దీప్తి శర్మ ఇంకా బంతి పట్టుకుని వెనక్కి నడుస్తోంది. మా అమ్మాయి రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకుంది. నాన్నగారు మెల్లిగా అన్నారు: "క్యాచి. జారింది. మళ్ళీ పట్టుకున్నారు."

అక్షరాలా అదే జరిగింది. వోల్వార్ట్ కొట్టిన బంతి పైకి లేవడం, అమన్‌జోత్ పరుగెత్తి దాని కిందికి రావడం, బంతి ఒకసారి చేతుల్లోంచి ఎగరడం, ఇంకొకసారి ఎగరడం, మూడోమాటు నేలకు ఆనబోతూండగా ఆ పిల్ల ఒడిసిపట్టడం, అన్నీ చూశాం. దేశమంతా ఊపిరి బిగబట్టిన క్షణం అది. మా హాల్లో ఎవరూ ఊపిరి బిగబట్టలేదు. చదివేసిన ఉత్తరం మళ్ళీ చదివినట్టు చూశాం. అర్ధరాత్రి వేళకు కప్పు గెలిచాం. వీధిలో టపాకాయలు పేలుతుండగా మా ఇంట్లో దక్షిణాఫ్రికా చివరి వికెట్టు ఇంకా పడవలసి ఉంది. సంతోషానికి లోటేమీ లేదు. మా అమ్మాయి గెంతి గెంతి ఏడ్చింది కూడా.

నాన్నగారు మాత్రం పొద్దున్న కాఫీ తాగుతూ, "ఇది మ్యాచి కాదురా. మ్యాచి అయిపోయాక వచ్చి చెప్పే కథ" అన్నారు.

పదిహేను రోజుల తరవాత నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మేడ మీద మనుషుల అలికిడి. ఎక్కి చూస్తే మా కేబులబ్బాయి, చేతిలో చిన్న డిష్షు, పక్కన కొలత చూస్తూ నాన్నగారు. "కుడికి, ఇంకా కుడికి" అంటున్నారు. డీడీ ఫ్రీ డిష్. పద్దెనిమిది వందలయిందిట, అమరిక కూలితో సహా. పింఛనులోంచి ఇచ్చారు. నెలనెలా చందా లేదు, ఓటీపీ లేదు, ఖాతా లేదు. అటకమీద పడి ఉన్న పాత టీవీ తన గదిలో పెట్టించుకున్నారు. దీన్ని గురించి ఎవరు చెప్పారని అడిగాను. టీకొట్టు దగ్గిర చూశారుట. పేపరులో చదివి మిగతాది తెలుసుకున్నారుట.

నాకు ఆయన చెప్పిన చట్టం ఇది. ఒకప్పుడు ఆటలు చూపించే అధికారం దూరదర్శనుదే. హీరో కప్పు తగాదా మీద 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, గాలిలో తరంగాలు ప్రజల సొత్తు, ఎవరి గుత్తసొత్తూ కాదంది. దాంతో ప్రైవేటువారికి దారి గట్టిపడింది. వాళ్ళు హక్కులన్నీ కొనేసుకుంటే డబ్బు కట్టలేనివాడు ఏమైపోవాలన్న ప్రశ్నకు 2007లో చట్టం వచ్చింది. జాతీయ ప్రాముఖ్యం ఉన్న ఆటల ప్రసారాన్ని, హక్కులు ఎవరు కొనుక్కున్నా సరే, ప్రసార భారతికి ప్రకటనలు లేకుండా అందించి తీరాలి. మనవాళ్ళు ఆడే వన్డేలూ ట్వంటీ-ట్వంటీలూ అందులోకి వస్తాయి. అయితే 2017లో సుప్రీంకోర్టు ఇంకొక గీత గీసింది: అల్లా పుచ్చుకున్న ప్రసారాన్ని దూరదర్శను తన సొంత ట్రాన్స్‌మిటర్ల మీదా, ఫ్రీ డిష్ మీదా చూపుకోవచ్చుగాని, ప్రైవేటు కేబులువారి చేతికి ఇవ్వకూడదు. ఎవరూ మాట్లాడుకోని ఈ చిన్న డిష్షుకు అందుకే అంత విలువ. ఐపీఎల్ మాత్రం ఆ జాబితాలో లేదు.

నా మట్టుకు నాకు, కేబులు మళ్ళీ పెట్టించుకోవాలని లేదు. యాపుల్ని తిట్టాలనీ లేదు. కాని ఇంట్లో ఒక మనిషి లేచి, ఎవర్నీ పిలవకుండా, తన వేలితో పెట్టుకోగలిగిన వస్తువును తీసేసి, దాని స్థానంలో ముగ్గురి సాయం కావలసిన వస్తువును పెట్టి, దాన్ని చవక అంటున్నామే, ఆ లెక్కలో ఈ పద్దు ఎవరూ వెయ్యడం లేదు. కంపెనీల సంగతి సరే, మా ఇంట్లో పెన్సిలు పట్టుకున్నప్పుడు మేమూ వెయ్యలేదు. నా తోటి లెక్చరర్లలో ముగ్గురి ఇళ్ళల్లో ఇదే వరస. పెద్దవాళ్ళు "ఈ మధ్య ఆట మీద ఆసక్తి పోయిందిలే" అంటున్నారుట. ఆసక్తి పోయిందో, అడగడం ఇష్టం లేకపోయిందో ఎవరైనా కనుక్కున్నారో లేదో.

డిసెంబరు 6న విశాఖపట్నంలో దక్షిణాఫ్రికాతో మూడో వన్డే. మధ్యాహ్నం ఒంటిగంటకే నాన్నగారు భోజనం ముగించి తన గదిలోకి వెళ్ళారు. మేము మామూలుగా హాల్లో. సాయంత్రం జైస్వాల్ నూరుకు దగ్గిరపడ్డాడు. పక్కింటి కేకా, గదిలోంచి "శభాష్" అన్న నాన్నగారి కేకా ఇంచుమించు జోడుగా వినిపించాయి. మా హాల్లో అతను ఇంకా తొంభైలలోనే ఉన్నాడు. మా అమ్మాయి ఒక్క నిమిషం మా తెర వంక చూసి, దిండు చంకన పెట్టుకుని తాతయ్య గదిలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి మా ఆవిడ పకోడీల పళ్ళెం అటు తీసుకువెళ్ళి తిరిగి రాలేదు. హాల్లో నేనూ, పెద్ద టీవీ మిగిలాం. తొమ్మిది వికెట్ల తేడాతో గెలిచామన్న సంగతి నాకు లోపలి గదిలోంచే తెలిసింది.

మర్నాడు కేబులబ్బాయి నెట్టు డబ్బులకు వస్తే నాన్నగారు అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి, ఐపీఎల్ జరిగే రెండు నెలలకు మాత్రం కేబులు పెడితే ఎంతవుతుందో అడుగుతున్నారు. "రెండు నెల్లకు పెట్టి తీసెయ్యడం ఎక్కడైనా ఉందా బాబుగారూ" అని అతనూ, "ఎందుకు లేదోయ్" అని ఈయనా. నేను కాలేజీకి వెళ్ళేటప్పటికి బేరం ఇంకా తెగలేదు.